కోర్ నడుమ ఖాళీ

గాలి మొదలై 38వ రోజు

ఈ పుస్తకంలో ఓల్టేజీ అంకెలు తప్ప వేరే ఏమీ రాయకూడదని నియమం. పదకొండేళ్లుగా నేనూ అవే రాశాను. పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఒక అంకె, కింద నా పేరు. దుర్గం తార, మూడో ఇంక్లైన్ గని, కరెంటు పని. ఈ రోజు మూడో డబ్బా ఆగిపోయింది కాబట్టి, ఎందుకు ఆగిందో రాయడానికి నాలుగు వరసలు ఎక్కువ వాడుకుంటున్నాను.

పొద్దున నేనూ వినోదా కలిసి రెండో దుమ్ముగది శుభ్రం చేశాం. వినోద నా కింద ఆరేళ్లుగా పని చేస్తోంది. ముందు కరెంటు ఆపాం. తరువాత భూమికి కట్టిన రాడ్డును ఒక్కొక్క రేకుకూ తాకించాం. అప్పుడు చెక్క సుత్తితో రేకుల వెనక కొడితే, ముప్పై ఎనిమిది రోజులుగా బయట ఎగురుతున్న బూడిద పిండిలా జారి తొట్టిలో పడింది. పన్నెండు గంపలు. పాత కరెంటు ప్లాంటు ఆగిపోయి నలభై ఏళ్లు దాటినా దాని బూడిద గుట్టలు అలాగే ఉన్నాయి. వానలు లేని ఏడాది గాలి లేస్తే ఆ గుట్టలన్నీ మన ఊపిరితిత్తుల కోసం బయలుదేరుతాయి. అందుకే గాలి కాలమంతా ఈ పాత బొగ్గు గనిలోపల ఉంటాం. మేం రెండు వందల పన్నెండు మందిమి.

గని నోటి దగ్గరున్న చక్రాలను ఆ గాలే తిప్పుతుంది. వాటి నుంచి బ్యాటరీలకు ఇరవై నాలుగు ఓల్టులు వస్తాయి. లోపలికి వచ్చే గాలిలోంచి బూడిదను లాగి పట్టుకునే దుమ్ముగది రేకులకు కావలసినవి పన్నెండు వేలు. ఇరవై నాలుగును పన్నెండు వేలు చేసేది ఫ్లైబ్యాక్ డబ్బా. అది చేసే పని చెప్పడానికి సులువే. స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్ కలిసి ఉన్నంతసేపు బ్యాటరీ కరెంటు మొదటి తీగచుట్టలోకి ఎక్కుతూ ఉంటుంది. రెండో చుట్ట దారిలో కరెంటును ఒకవైపే వదిలే డయోడ్ అడ్డంగా ఉంటుంది కాబట్టి అటు ఏమీ దాటదు. శక్తి అంతా అయస్కాంతమై, చుట్టల లోపలి ఫెర్రైట్ దిమ్మె అయిన కోర్‌లో కూడుకుంటుంది. ట్రాన్సిస్టర్ తెగిన క్షణంలో ఆ అయస్కాంతం కూలిపోతుంది. కూలుతూ కూలుతూ, వేల చుట్లున్న సన్నతీగలో వేల ఓల్టులై తన్నుకొస్తుంది. నింపడం, వదలడం. సెకనుకు ఇరవై వేల సార్లు.

ఆ రెండిటి మధ్య దెబ్బలు తినేది ట్రాన్సిస్టరే. మూడో డబ్బాలో అదే కాలింది. కొత్తది వేశాను. నాలుగు గదులూ నడుస్తున్నాయి. విడిగా దాచిన పెట్టెలో ఇంకా నాలుగు ట్రాన్సిస్టర్లు మిగిలాయి.

39వ రోజు

మధ్యాహ్నం ఐదో ఇంక్లైన్ నుంచి ఓదెలు వచ్చాడు. రెండు కిలోమీటర్ల దూరం, రెండు గనుల మధ్య కట్టిన తాడు పట్టుకుని, మొహానికి తడిగుడ్డ చుట్టుకుని వచ్చాడు. కాపలావాళ్లు తలుపు తీసేసరికి అతని కనురెప్పలు బూడిదతో అతుక్కుపోయి ఉన్నాయి. నేనే నీళ్లు పోసి కడిగాను.

ఓదెలూ నేనూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నాం. పాత డబ్బా టీవీల్లోంచి ఫ్లైబ్యాకులు ఊడదీసి బాగుచేసే సత్తయ్య దగ్గర. ఓదెలు తీగ చుట్టేవాడు. అతనంత సమంగా చుట్టేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. కోర్ పని నాది. సత్తయ్య పోయాక ఎవరి గనికి వాళ్లం పోయాం.

అతని భుజాన గోనెసంచి ఉంది. దాన్ని నా బల్ల మీద పెట్టాడు.

"తారక్కా, మా డబ్బా ఇది. కోర్ పగిలితే వేరేది దొరకబట్టి ఏసిన. అప్పటిసంది ట్రాన్సిస్టర్ పెట్టుడే ఆలస్యం, చిటుక్కున పోతున్నది. ఐదు పోయినయ్. ఒక్కసారి సూడక్కా. ఒక్క ట్రాన్సిస్టర్ ఇయ్యి."

నేను జవాబు చెప్పేలోపే గట్టయ్య మామ వచ్చాడు. మూడో ఇంక్లైన్‌కు ఓవర్‌మన్ ఆయనే. ఎవరు లోపలికి రావాలో, ఎవరికి ఎన్ని నీళ్లో చెప్పేది ఆయనే.

"ఇచ్చుడు కుదరదు" అన్నాడు.

"మామా, మా దాంట్ల నూట అరవై మంది ఉన్నరు. పిల్లలు బూడిద కక్కుతున్నరు. రొమ్ము పాల పిల్లకు నిన్న ఊపిరి ఆడక..."

"గాలి ఎన్నడాగుతదో చెప్పు. చెప్తే ఇస్త."

అది ఎవరూ చెప్పలేరు. ఓదెలు నా వైపు చూశాడు. నా చేతిలో ట్రాన్సిస్టర్ల పెట్టె ఉంది. చెయ్యి చాచి దాన్ని అందుకోబోయాడు. లాక్కోవడం కాదు, అడుగుతున్నట్టే చాచాడు. నేను దాన్ని రొమ్ముకు అదుముకున్నాను.

నా తమ్ముడు కొమురయ్య తలుపు కాపలాకు పెద్ద. వాడి చేతిలో పికాసి కామ ఉంది. మొదటి దెబ్బ ఓదెలు దవడ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు బల్ల అవతల నాకు వినిపించింది. రెండు పళ్లు నా కాళ్ల దగ్గర పడ్డాయి. ఓదెలు నేల మీద చేతులు ఆనించి లేవబోతే, కొమురయ్య ఆ చేతుల మీద కొట్టాడు. కుడి చెయ్యి. తరువాత ఎడమ చెయ్యి. నాలుగో దెబ్బ తరువాత గానీ గట్టయ్య మామ చాలన్నట్టు చెయ్యెత్తలేదు.

ఇద్దరు కాపలావాళ్లు అతన్ని రెక్కలు పట్టి ఈడ్చుకుపోయి తాడు మొదట్లో వదిలేశారు. తాడు పట్టుకోవడానికి అతని వేళ్లు వంగలేదు. ముంజేతులు తాడుకు చుట్టి పోయాడని తరువాత ఒకతను చెప్పాడు.

"ఆ సంచిల డబ్బాను విప్పి, సామాన్లు మనకు దాచు" అని గట్టయ్య మామ నాతో అన్నాడు.

నేను విప్పలేదు. దాన్ని చూడబుద్ధి కాలేదు. బల్ల కిందికి తోసేశాను.

42వ రోజు

ఐదో ఇంక్లైన్ వాళ్లు పద్నాలుగు మంది వచ్చారు. తెల్లారి చాలాసేపయింది గానీ బయట వెలుతురు బురదనీళ్ల రంగులో ఉంది. గడ్డపారలతో బయటి తలుపు మడతబందులు ఊడబెరికారు. లోపలి తలుపు దగ్గర మా వాళ్లు ఎనిమిది మంది. ఆ సొరంగం ఇద్దరు పక్కపక్కన నిలబడేంత వెడల్పు ఉంటుంది. వెనక ఉన్నవాళ్లు ముందున్నవాళ్లను నెడుతుంటారు, ముందున్నవాళ్లు కొట్టడమో చావడమో తప్ప వేరే దారి లేదు.

మొదటి దుమ్ముగది ఆ పక్కనే ఉంది. నేను అందులో ఇరుక్కుపోయాను. జల్లెడ కిటికీ లోంచి అంతా కనిపించింది.

సాంబయ్య పొట్టలో గడ్డపార దిగింది. అతను దాన్ని రెండు చేతులా పట్టుకుని, పొడిచినవాణ్ని బయటికి లాగనివ్వకుండా అలాగే గోడకు ఆనుకున్నాడు. "పట్టుకున్న, కొట్టుండ్రి" అని అరిచాడు. కొమురయ్య కొట్టాడు. పొడిచినవాడు ఒక్క దెబ్బకే పడ్డాడు. నా తమ్ముడు వాడి తల మీద మళ్లీ కొట్టాడు. వాడు కదలడం ఆగిపోయాక కూడా మూడు సార్లు కొట్టాడు. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. ఎవరో వెనక నుంచి కొమురయ్య చెవి పట్టి పీకారు. అది ఊడి వాళ్ల చేతిలోకి పోయింది.

వెనక్కి పోతూ పోతూ వాళ్లు నా గది మీద రాళ్లు వేశారు. జల్లెడ పగిలింది. రేకుల మధ్య కట్టిన సన్నతీగలు తెగి రేకుల మీద పడి, నా మొహం ముందే తెల్లటి మంట లేచింది. మొదటి డబ్బా మాడిపోయింది. దాంతోపాటు మూడోది కూడా.

సాంబయ్య సాయంత్రం దాకా బతికి ఉన్నాడు. గడ్డపార తీయమని ఒకసారి, తీయొద్దని ఒకసారి అడిగాడు.

వాళ్ల మనుషులు ముగ్గురు చనిపోయారు. మా వాళ్లు ఇద్దరు. రెండు గదులే నడుస్తున్నాయి. కింద మూడో వరసలో దగ్గు మొదలైంది.

43వ రోజు

గట్టయ్య మామ నన్ను లోపలి తలుపు దగ్గరికి పిలిచాడు.

"దీనికి కరెంటు పెట్టు. ముట్టుకున్నోడు సావాలె."

"మామా, మన డబ్బా కరెంటుకు మనిషి సావడు. ఓల్టులు పెద్దయి గానీ ఒక్కొక్కసారి వచ్చేది చెంచాడంత. గుంజి అవతల పడేస్తది, గంతే."

"చెంచాతోని బిందె నింపరాదా?"

ఆయన చదువుకోలేదు. అయినా సరిగ్గా అక్కడికే వచ్చాడు. ఒకప్పుడు బొగ్గు తొట్లు లాగిన పాత వైండింగ్ ఇంజిను గదిలో మనిషి నడుమెత్తు కెపాసిటర్లు ఆరు ఉన్నాయి. ఫ్లైబ్యాక్ ఒక్కో విడతలో వదిలే చెంచాడు శక్తిని అవి దాచుకుంటూ పోతాయి. రెండు నిమిషాల్లో నిండుతాయి. నిండినదంతా ఒక్కసారి పోతుంది. ఆయనకు ఇది తెలియకపోయినా, నాకు తెలుసని ఆయనకు తెలుసు.

"నేను చెయ్య" అన్నాను.

"నీ తమ్ముడు ఆ తలుపు ఎనకనే నిలబడతడు. చెవి పోయింది. మల్లొచ్చినప్పుడు ఏం పోతదో నువ్వే సూసుకో."

కొమురయ్య అక్కడే కూర్చుని ఉన్నాడు. తలకు చుట్టిన గుడ్డ పక్కంతా నల్లగా గట్టిపడింది. వాడు నన్ను ఏమీ అడగలేదు. వాడు అడిగి ఉంటే కోప్పడేదాన్ని. అమ్మ పోయేటప్పటికి వాడికి ఏడేళ్లు. నేను వండిపెట్టి పెంచాను.

మధ్యాహ్నానికల్లా కెపాసిటర్లు తెచ్చి, రెండో డబ్బా నుంచి వాటికి తీగ కలిపాం. వినోద తీగలు అందిస్తూ నా మొహం వైపు చూడలేదు. తలుపు ఇనుప చట్రాన్ని రబ్బరు బెల్టు ముక్కలతో గోడ నుంచి విడదీశాను. కెపాసిటర్లను చట్రానికి కలిపే మీట నా చేతికి అందే దగ్గర పెట్టాను.

పని బాగా కుదిరింది. నేను చేసిన పనుల్లో ఇంత శుభ్రంగా కుదిరినవి కొన్నే ఉన్నాయి. అది కూడా ఇక్కడ రాయాలి.

45వ రోజు

వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి ఎనిమిది మందే. అరుపులు లేవు. తలుపు అవతల దగ్గులు వినిపించాయి.

గట్టయ్య మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. తలుపు మీద బరువు పడింది. చట్రం కిర్రుమంది. నేను మీట వేశాను.

పెద్ద మోత ఏమీ రాలేదు. తడిబట్టను బండకేసి కొట్టినట్టు ఒక చప్పుడు. వెంటనే అరుపు మొదలైంది. అది ఆడమనిషి గొంతు. కెపాసిటర్లు ఒక్కసారే ఖాళీ అవుతాయి, మనిషి ఒక్కసారే పోతుంది అనుకున్నాను. అలా జరగలేదు. డబ్బా మళ్లీ నింపుతూనే ఉంది, ఆమె చేతులు చట్రానికి బిగుసుకుపోయాయి. నేను మీట ఎత్తేసరికి అరుపు ఆగింది. ఎంతసేపు పట్టిందో నాకు కచ్చితంగా తెలుసు. నింపడానికి పట్టే సమయాన్ని నేను లోపల లెక్కపెడుతున్నాను కాబట్టి. పదకొండు సెకన్లు.

ఆమెను లాగబోయి ఇంకొకతను కూడా పోయాడు. మిగతావాళ్లు చెల్లాచెదురయ్యారు. కరెంటు దెబ్బకు ఇద్దరు గాయపడి తలుపు బయటే పడి ఉన్నారు. రాడ్డు తాకించి తలుపు తీశాం. కొమురయ్య బయటికి పోయి, పడి ఉన్న ఆ ఇద్దరినీ పికాసి కామతో చంపాడు. ఒకతను రెండు అరచేతులూ ముందుకు చాచి "వద్దన్నా" అన్నాడు. కొమురయ్య ఆ చేతుల మీది నుంచే కొట్టాడు.

చచ్చిపోయిన ఆమె సరోజన. ఓదెలు భార్య. వాళ్ల పెళ్లికి నేను వంట చేశాను.

46వ రోజు

పొద్దున రెండో డబ్బా కోర్ వేడెక్కుతోంది. మార్చడానికి వేరే కోర్ కావాలి, నాకు ఊరట కోసం ఏదైనా పని కావాలి. బల్ల కింద నుంచి ఓదెలు సంచి లాగి, డబ్బా విప్పాను.

తీగ చుట్టు చూడగానే ఓదెలు పని అని తెలిసిపోతుంది. పొర మీద పొర, మధ్యలో మైనపు కాగితం, అంచులన్నీ ఒకే గీత మీద. దాని లోపల ఫెర్రైట్ కోర్ రెండు ముక్కలను బోల్టులతో గట్టిగా బిగించాడు. అతుకు కనపడకుండా రుద్ది మరీ బిగించాడు.

అదే తప్పు. ఆ రెండు ముక్కల మధ్య కాగితం మందంలో ఖాళీ ఉండాలి. ఫ్లైబ్యాక్ దాచుకునే శక్తిలో చాలా భాగం నిలిచేది ఆ ఖాళీలోనే. ఖాళీ లేకుండా బిగిస్తే ఫెర్రైట్ కొంచెం కరెంటుకే నిండిపోతుంది. నిండిన తరువాత మొదటి చుట్ట ఉత్త రాగితీగతో సమానం. కరెంటుకు అడ్డు ఉండదు. ట్రాన్సిస్టర్ మాడిపోతుంది. ఐదు పెట్టినా, యాభై పెట్టినా పోతుంది.

చూసి ఉంటే అర నిమిషంలో తెలిసేది. బాగుచేయడానికి పావుగంట. అతను నా బల్ల మీద పెట్టి, ఒక్కసారి సూడక్కా అన్నాడు.

గట్టయ్య మామ దగ్గరికి పోయి చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"ఇప్పుడు ఏడుగురు సచ్చిండ్రు ఆళ్లయి. నువ్వు పోయి డబ్బా బాగుచేస్తే ఆళ్లు బతికి ఊకుంటరా? ఇంకో నాలుగు రోజులైతే ఆ గనిల ఊపిరుండది. నువ్వు నోరు మూసుకుని పని చేస్కో."

డబ్బాను సంచిలో పెట్టుకున్నాను. రెండు ట్రాన్సిస్టర్లు తీసుకుని, రెండు వినోద చేతిలో పెట్టాను. రేకులు ఎన్ని గంటలకు ఒకసారి దులపాలో, కోర్ ఎంత వేడెక్కితే ఆపాలో చెప్పాను. ఆమె ఏడ్చింది గానీ ఆగమనలేదు. ఈ పుస్తకం నేనే తెచ్చుకున్నాను. ఆమె కొత్తది మొదలుపెడుతుంది.

తలుపు దగ్గర కొమురయ్య ఒక్కడే ఉన్నాడు.

"తలుపు తియ్యి కొమురా."

"ఎటు?"

సంచి చూశాడు. అర్థమైంది.

"సాంబన్న పెండ్లానికి ఏం జెప్తవక్కా? నాకేం జెప్తవ్?" ఒకే చెవి ఉన్న ఆ మొహాన్ని నా మొహానికి దగ్గరగా తెచ్చాడు. "ఆళ్లు బతికితే మళ్లొస్తరు. వచ్చి నిన్నే ముందుగాల నరుకుతరు. ఆమెను సంపింది నువ్వు. నేను గాదు."

"అవును. నేనే."

"ఐతే పోకు."

నేను మీట వైపు నడిచాను. వాడు నన్ను వెనక నుంచి లాగి నేలకేసి కొట్టాడు. నా తల రాతికి తగిలింది. లేస్తే కడుపులో తన్నాడు. చిన్నప్పుడు ఒక్కసారి కూడా నేను వాడి మీద చెయ్యి చేసుకోలేదు. వాడు ఏడుస్తూ తన్నుతున్నాడు. మూడోసారి తన్నడానికి నిలదొక్కుకుంటూ ఎడమ చెయ్యి తలుపు చట్రం మీద ఆనించాడు.

వచ్చే ముందే కెపాసిటర్లను మూడో వంతు ఓల్టేజీకి దించాను. డబ్బా తీగను వాటి నుంచి ఊడదీశాను. మూడో వంతుకు మనిషి చస్తాడో బతుకుతాడో నాకు తెలియదు. తెలియకుండానే నేల మీద నుంచి చెయ్యి చాచి మీట వేశాను.

వాడు ఎగిరి అవతలి గోడకు తగిలి పడ్డాడు. పాక్కుంటూ పోయి రొమ్ము మీద చెవి పెట్టాను. గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. వినోదను కేకేసి వాడి తల ఆమె ఒడిలో పెట్టాను. రాడ్డు తాకించి, తలుపు తీసి, తాడు పట్టుకున్నాను.

47వ రోజు

ఐదో ఇంక్లైన్ నుంచి రాస్తున్నాను. ఎడమ వైపు పక్కటెముకలు విరిగాయి. వాటిలో కొన్ని కొమురయ్య విరిచినవి, కొన్ని వీళ్లు విరిచినవి.

నిన్న వీళ్ల తలుపు తీయగానే లోపలి గాలిలో దీపం చుట్టూ బూడిద తిరుగుతూ కనిపించింది. జనం గోడల వెంట పడుకుని ఉన్నారు. కూర్చునే ఓపిక ఉన్నవాళ్లు నన్ను గుర్తుపట్టారు. "తలుపుకు కరెంటు పెట్టిన మనిషి" అని ఎవరో అన్నారు. అంతే. జుట్టు పట్టి ఈడ్చారు. ఒకడు మెడ మీద కాలు పెట్టాడు. ఒక ముసలామె రాయి తెచ్చి నా మోకాలి మీద కొట్టింది. మళ్లీ ఎత్తింది గానీ దగ్గు వచ్చి రాయి జారిపోయింది. ఆమె సరోజన తల్లి, ఎల్లవ్వ. బూడిద పట్టిన ఆ మొహాన్ని నేను అప్పుడు పోల్చుకోలేదు.

ఓదెలు వచ్చాడు. దవడకు గుడ్డ కట్టుకున్నాడు. రెండు చేతులకూ వెదురు పుల్లలు కట్టి ఉన్నాయి. సంచిలోంచి బయటికి జారిన డబ్బాను చూశాడు. బిగుసుకున్న పళ్ల మధ్య నుంచి, ఒక్కొక్క ముక్కా పలికాడు.

"ముందు... పని... సెయ్యనీయుండ్రి. తర్వాత... మీ ఇష్టం."

బల్ల దగ్గర నన్ను ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు. బోల్టులు విప్పాను. ఈ పుస్తకం అట్టలోంచి కాగితం పీలికలు చింపాను. కోర్ ముక్కల మధ్య ఒక్కొక్క అతుకు దగ్గరా రెండు మడతలు పెట్టి, బిగించి బిగించనట్టు బిగించాను. ట్రాన్సిస్టర్ వేశాను. బ్యాటరీ కలిపాను.

మీటరు ముల్లు ఎక్కి ఒక దగ్గర నిలబడింది. ట్రాన్సిస్టర్ చల్లగా ఉంది. రేకుల మధ్య సన్నతీగలు సర్రుమని ఊదడం మొదలుపెట్టాయి. దీపం చుట్టూ తిరుగుతున్న బూడిద మెల్లగా దుమ్ముగది వైపు వంగి, పోయి రేకులకు అంటుకుంది. గోడ పక్కన ఎవరో లేచి కూర్చున్నారు.

"ఏం... జేసినవ్?" అన్నాడు ఓదెలు.

"కోర్ నడుమ కాగితం పెట్టిన."

"కాగితం."

"ఆ."

"గంతేనా?"

"గంతే."

అతను డబ్బాను చాలాసేపు చూశాడు. విరిగిన చేతుల్లో ఒకదాన్ని దాని మీద పెట్టాడు.

"ఆనాడు... సూడమన్న గదా అక్కా."

"సూడమన్నవ్."

నన్ను పట్టుకున్న ఇద్దరిలో ఒకడు కత్తి తీసి, ఇప్పుడు చెయ్యమంటావా అన్నట్టు ఓదెలు వైపు చూశాడు. ఓదెలు అతన్ని చూడలేదు. తల గోడకేసి ఒకసారి కొట్టుకున్నాడు, ఇంకోసారి కొట్టుకున్నాడు. మూడోసారి కొట్టుకోబోతే కత్తి పట్టినవాడే దాన్ని కింద పారేసి అతన్ని పొదివి పట్టుకున్నాడు. అప్పటి నుంచి నా మీద ఎవరూ చెయ్యి వేయలేదు. నాతో ఎవరూ మాట్లాడలేదు కూడా.

52వ రోజు

ఓల్టేజీ పన్నెండు వేలు. రేకులు రెండుసార్లు దులిపాను. గంపలు మోయడానికి ఎవరూ రారు. నేనే ఒక్కొక్కటీ ఈడ్చుకుపోతున్నాను.

డబ్బా నడిచిన తరువాత కూడా ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఊపిరితిత్తుల్లోకి పోయిన బూడిదను ఏ రేకూ బయటికి లాగలేదు. రెండో పిల్లను ఎత్తుకుపోతున్నప్పుడు వాళ్ల నాన్న నా ముందు ఆగి, నా మొహం మీద ఉమ్మి పోయాడు. తుడుచుకుని పనిలోకి పోయాను.

58వ రోజు

గాలి తగ్గింది. యాభై ఎనిమిది రోజుల తరువాత ఎండ రంగు ఎండలా ఉంది. తాడు మొత్తం కనిపిస్తోంది, ఈ చివర నుంచి ఆ చివర దాకా.

మధ్యాహ్నం మూడో ఇంక్లైన్ నుంచి ఇద్దరు సగం దూరం దాకా వచ్చి ఆగారు. ఒకరు గట్టయ్య మామ. ఇంకొకరు కొమురయ్య. ఎడమ చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో ఉంది. వాడు నిలబడి ఉన్నాడు. నేను నేల మీద కూర్చున్నాను.

"తారా! నీ తమ్ముని చెయ్యి పనికి రాకుండ పోయింది" అని గట్టయ్య మామ అరిచాడు. "ఇటు రాకు! వస్తే ఆడే నిన్ను సంపుతనంటున్నడు!"

"మన డబ్బాలు నడుస్తున్నయా?" అని అరిచాను.

కొమురయ్యే అరిచాడు. "నడుస్తున్నయ్!"

ఇద్దరూ వెనక్కి తిరిగారు.

నేను లోపలికి వచ్చి డబ్బా ముందు కూర్చున్నాను. ఎల్లవ్వ వచ్చింది. ఈ పన్నెండు రోజుల్లో ఆమె నా పక్కకు రావడం ఇదే మొదలు. చేతిలో జావ గిన్నె ఉంది. దాన్ని నాకు ఇవ్వలేదు. తన పక్కన పెట్టుకుని కూర్చుంది.

"నా బిడ్డకు నొప్పైందా?" అని అడిగింది.

లేదని చెప్పడం సులువు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. ఆమె కళ్లు నన్ను అబద్ధం అడగడం లేదు.

"ఐంది."

"ఎంతసేపు?"

"పదకొండు సెకన్లు."

ఎల్లవ్వ పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. నేలను చూస్తూ పదకొండు దాకా మెల్లగా లెక్కపెట్టింది. నేను కదలకుండా కూర్చున్నాను. లెక్క అయిపోయాక ఆమె తల ఎత్తి డబ్బాను చూసింది. పక్కన డబ్బా సన్నగా ఊదుతూనే ఉంది.

"ఓదెలు చేతులు ఇగ ఈ పనికి రావు" అంది చివరికి. "నువ్వు సస్తే ఈ డబ్బా ఎవరు సూస్తరు?"

"ఎవరూ లేరు."

గిన్నె నా వైపు జరిపింది.

"తిను. తిని, నాకు నేర్పు."

తిన్నాను. జావలో ఉప్పు లేదు. ఆమె మోకాళ్ల మీద డబ్బా దగ్గరికి జరిగి, మూత మీద రెండు చేతులూ పెట్టి, ఏది ముందు విప్పాలని అడిగింది.